నింగవ్వ వేసిన పాలు

నింగవ్వ వేసిన పాలుకు వంక పెట్టిన మనిషి రాయచూరు జిల్లా దేవదుర్గ వైపు ఎవరూ లేరు. ఒకరిద్దరు పెట్టి చూశారు గానీ రెండోసారి నోరెత్తలేదు. కూలికి బయల్దేరిన గుంపు ఏ ఊళ్లో దిగినా, పని అయ్యాక అందరినీ చుట్టూ కూర్చోబెట్టి పంచేది ఆమే. జొన్నలైతే సోలతో కొలిచి, రొట్టెలైతే తుంపి, ఎప్పుడైనా మేకను కోసుకుంటే మోదుగాకుల మీద పోగులు పెట్టి. కాలేయం ఎంత చిన్నదైనా కొడవలి మొనతో తరిగి ప్రతి పోగులోనూ ఒక ముక్క పడేసేది. తన పోగు అందరికంటే చివర తీసుకునేది. చివరికి మిగిలింది చిన్నదైతే ఆ తప్పు వేసిన చేతిదే గదా అని ఆమె లెక్క.

జ్వరమొచ్చి పడుకున్న మనిషికి కూడా, గుంపు విడిపోయి ఎవరి ఊరికి వాళ్లు పోయేదాకా నిండు పాలు వేసేది. దాని మీద గొణిగేవాళ్లు గొణిగేవారు.

"రేపు నువ్ పండుకుంటే నీ పాలు నక్కకెయ్యాల్నా?" అని నింగవ్వ ఒక్క మాట అడిగేది. గొణుగుడు అక్కడికి ఆగేది.

ఆ గుంపులోనే ఆమె తోటికోడలు సుంకవ్వ కూడా ఉండేది. ఆ వైపు తోటికోడలిని యారాలు అంటారు. నింగవ్వ మొగుడు జంబన్న, సుంకవ్వ మొగుడు అమరప్ప అన్నదమ్ములు. పెళ్లాం మాటకు ఎదురు చెప్పి బాగుపడ్డవాడు ఆ ఇద్దరిలో ఒక్కడూ లేడు. సుంకవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో కడుపుతో ఉండి, ఒకనాడు ఒక రొట్టె ముక్క ఎక్కువ కావాలని చెయ్యి చాపింది. నింగవ్వ వేయలేదు. "నీకేస్తే ఇంకో కడుపుతోని ఉన్నదానికి ఎవ్వరెయ్యాలె?" అంది. సుంకవ్వ ఆ రొట్టె ముక్కను మరిచిపోలేదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా, "నా యారాలు ఉన్నదే, సొంత మనిషికి ఒక ముద్ద ఎక్కువ ఏసిన పాపాన పోలే" అని బావి దగ్గర, సంతలో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ నవ్వుతూ చెప్పేది. నింగవ్వ దాన్ని పొగడ్త కింద జమకట్టుకునేది. నిజానికి అది పొగడ్తే.

వాళ్ల నోట పాలు అంటే వాటా. తాగే పాలను వాళ్లు హాలు అంటారు. పక్కింటి భాష కన్నడం, గిన్నె పట్టుకుని వాకిట్లోకొచ్చి అమ్మేవాడి భాషా కన్నడమే, కాబట్టి ఆ మాట ఆ భాషలోనే ఇళ్లలోకి వచ్చింది. మాట వచ్చినంత తరచుగా హాలు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

అప్పటికింకా కాలువలు లేవు. వాన వస్తే జొన్న, రాకపోతే రైలు. నైజాం రోజుల్లో, నింగవ్వ ఇంకా వయసులో ఉండగా, మేస్త్రీ ఒకడు ఆ గుంపును రైలెక్కించి బొంబాయి వైపు ఒక మిల్లుకు తోలుకుపోయాడు. అక్కడ రాయిని దంచి నార తీసేవారు. రాతిలో నార ఏమిటని ఆడవాళ్లంతా మొదట నవ్వారు. చూశాక ముక్కు మీద వేలేసుకున్నారు. తెల్లగా, బూరుగు దూదిలా మెత్తగా, నిప్పుల్లో పడేసినా కాలని నార. ఆడవాళ్లకు అప్పజెప్పిన పని ఖాళీ బస్తాలు దులపడం. దులుపుతుంటే ఎదుటి మనిషి కనపడేది కాదు. సాయంత్రం బయటికొస్తే పదహారేళ్లదానికి కూడా తల నెరిసిపోయి ఉండేది. "అత్తమ్మా, దండం" అని ఒకరి కాళ్లకొకరు మొక్కి వెక్కిరించుకునేవారు. మిల్లువాళ్లు ఊడ్చి పారేసే నారను మూటలు కట్టి తెచ్చుకుని బొంతల్లో కుక్కుకున్నారు. అంత మెత్తటి పడక వాళ్లెవరూ పుట్టి ఎరగరు. ఆ నారను కూడా నింగవ్వే పాళ్లు వేసింది. ఎప్పటిలాగే సమానంగా.

ఆ తర్వాత కాలువ వచ్చింది. తుంగభద్ర ఎడమ కాలువ తవ్వేటప్పుడు గుంపు తట్టలు మోసింది. నీళ్లు పారాక కోస్తా నుంచి రైతులొచ్చి క్యాంపులు వేసుకుని వరి పెట్టారు. గుంపు నాట్లు వేసింది. రైలెక్కే పని తప్పింది. కడుపులోకి వరన్నం వచ్చింది. మిల్లు సంగతి అందరూ మరిచిపోయారు.

డెబ్బై మూడులోనో నాలుగులోనో, ఒక క్యాంపు మడిలో నాటు మధ్యన సుంకవ్వ నడుమెత్తి నిలబడిపోయింది. మళ్లీ వంగలేకపోయింది. "దమ్ము ఆడ్తలేదక్కా" అంది. పక్కలో ఎవరో గునపం పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి అంది. క్షయ అని సూదులు పొడిచారు. కొన్నాళ్లకు క్షయ కాదన్నారు. ఈలోగా నింగవ్వకూ దమ్ము మొదలైంది. యంకమ్మకూ మొదలైంది. యంకమ్మ ఆ గుంపులోదే, నోరు మూతపడని మనిషి. ఆ నోటికే ఆయాసం వచ్చిందంటే చిన్న జబ్బు కాదని ఊరు తేల్చేసింది.

అప్పుడు సర్కారు జీపులో విరూపాక్ష అనే డాక్టరు వచ్చాడు. బళ్లారివాడు. మాతృభాష కన్నడం, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే రెండూ కలగలిసి బయటికొస్తాయి. అందరు డాక్టర్లూ ఏం తిన్నావు, ఏం తాగావు అని అడిగితే ఈయన ఎక్కడెక్కడ పనిచేశావు అని అడిగాడు. కాలువ ఒక్కటే తవ్వినవాళ్లను పంపేశాడు. మిల్లుకు పోయి బతికున్న ఆడవాళ్లు ఆరుగురు తేలారు. ఆ ఆరుగురినీ జీపెక్కించాడు.

రాయచూరు చివర, ఒకప్పుడు గుర్రాల లాయంగా ఉన్న పొడుగాటి షెడ్డులో ఆరు మంచాలు వేయించాడు. ఊపిరితిత్తుల చుట్టూ ఉల్లిపొరలాంటి పొర ఒకటి ఉంటుందని, పీల్చిన రాతినార పోయి అక్కడ గుచ్చుకుని ఇన్నేళ్లకు గడ్డలా లేచిందని, దానివల్లనే రొమ్ములో నీరు పడుతోందని విడమరిచి చెప్పాడు. ఈ జబ్బుకు మందు లేదు. ఒక మందు పనికొస్తుందేమో చూడమని ఢిల్లీ సర్కారు ఖర్చు పెడుతోంది. జబ్బు పేరు మీసోథీలియోమా అన్నాడు.

"ఏమన్నడే?" అంది సుంకవ్వ.

"మీసాల యల్లమ్మ అట," అంది యంకమ్మ. "యాడాది యాడాది కోడిని కోస్తనే ఉన్న. అయినా పట్టిందా నన్ను!"

ఆనాటి నుంచి ఆ షెడ్డులో ఆ జబ్బు పేరు మీసాల యల్లమ్మే.

షెడ్డుకు నర్సు శివపార్వతి. సింధనూరు దగ్గర క్యాంపు పిల్ల. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి వరి వేసినవాడు. పిల్ల మంచిదే, కాకపోతే మాట రైలు పోయినట్టు పోతుంది. మొదటిరోజు డాక్టరు లేడు. నర్సు ఆరు రేకు డబ్బాలు తెచ్చింది. ఒక్కో డబ్బాకు ఒక్కో రంగు గుడ్డ ముక్క కట్టి ఉంది. తలా ఒకటి చేతిలో పెట్టింది.

"చూడండమ్మా, పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఉత్తినే మింగేరు, కడుపులో మంట పుడుతుంది. పాలల్లో వేసుకోవాలి. తెలిసిందా?"

"పాలల్లనా?" అంది నింగవ్వ.

"ఆఁ, పాలల్లోనే. మర్చిపోకూడదు. డాక్టరు గారి ఆర్డరు."

నర్సు వెళ్లిపోయాక నింగవ్వ మంచం మీద నిటారుగా కూర్చుంది. తాను పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనిని సర్కారు ఆర్డరేసి మరీ చెయ్యమనడం ఆమె జన్మలో మొదటిసారి. "ఈ సర్కారుకు బుద్ధున్నదే" అంది.

"ఎవరి డబ్బా వాళ్లకిచ్చినంక మల్ల పాలేసుడేందే?" అంది యంకమ్మ.

"నీ తలకాయ. అన్నిట్ల ఒకటే ఉంటే ఇన్ని రంగుల గుడ్డలెందుకు కడ్తరు? ఒకదాంట్ల మంచిది ఉంటది, ఒకదాంట్ల నాసిది ఉంటది. అందుకే కలిపి పాలెయ్యమన్నరు."

ఆ మాటకు అడ్డం చెప్పే తెలివి ఆ షెడ్డులో ఎవరికీ లేకపోయింది. నింగవ్వ ఆరు డబ్బాలనూ తట్టలో బోర్లించింది. చెయ్యి పెట్టి కలియతిప్పింది. తలా ఒక గోలీ వేసింది. తనది చివర తీసుకుంది. అది మొదలు పొద్దునా సాయంత్రమూ అదే తంతు.

మరి తాగే పాలు ఏమయ్యాయంటే, మంజూరు అయ్యాయి. కాగితం మీద రోజూ షెడ్డుకు వచ్చాయి. కాంట్రాక్టరు పోస్తున్నాడు కదా అని నర్సు అనుకుంది. నర్సు అడగడం లేదు కదా అని కాంట్రాక్టరు అనుకున్నాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుని సుఖంగా ఉన్నారు.

షెడ్డు నింగవ్వకు బాగానే ఉంది. వేళకు తిండి. అన్నిటికంటే మించి, సుంకవ్వ రొమ్ములో నీరు నిండినప్పుడల్లా డాక్టరు పక్కలోంచి పెద్ద సూదితో లాగేసేవాడు. లాగిన రోజున సుంకవ్వ గోడకు ఆనుకోకుండా కూర్చునేది. అందరినీ వెక్కిరించేది. ఆ రెండు మూడు రోజులూ ఆమె మళ్లీ పాత సుంకవ్వ. తర్వాత నీరు మళ్లీ ఊరేది.

నర్సు వారానికోసారి అందరి మూత్రం సీసాల్లో పట్టేది. ఆ సీసాల దగ్గరే డాక్టరుకు తిరకాసు వచ్చింది. ఇదే మందు ఇస్తున్న ఇంకో ఊళ్లో సగం మంది సీసాలు ఎర్రటి నారింజ రంగుకు తిరిగాయి, సగం మందివి మామూలుగా ఉన్నాయి. ఈ షెడ్డులో మాత్రం ఒకరోజు వీళ్లది, ఒకరోజు వాళ్లది, పిచ్చిగీతలు గీసినట్టు అందరివీ రంగు మారుతున్నాయి. ఆయన కొన్నాళ్లు సీసాలను అనుమానించాడు. కొన్నాళ్లు నర్సును అనుమానించాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే, గోలీల వేళకు, చెప్పకుండా వచ్చాడు.

నింగవ్వ తట్ట ముందు కూర్చుని గోలీలు కలియతిప్పుతోంది. చుట్టూ అయిదుగురు చేతులు చాపుకుని ఉన్నారు.

"ఏనమ్మా ఇది! ఏం చేస్తున్నావు?"

"పాలేస్తున్న సారూ," అంది నింగవ్వ, పనిలోంచి తలెత్తకుండా. "మీ ఆర్డరే గద."

డాక్టరు నర్సు వైపు చూశాడు. నర్సు ముఖం పాలిపోయింది. "నేనెప్పుడు చెప్పానే తల్లీ అలాగ!"

"పాలల్ల ఏసుకోవాలె, మర్శిపోవద్దు అన్లేదా? గీ అయిదుగురు సాక్ష్యం."

"పాలల్లో అంటే పాలల్లో! గ్లాసులో పోసుకుని తాగే పాలు!"

"హాలు!" అన్నాడు డాక్టరు రెండు చేతులూ పైకెత్తి. "హాలమ్మా, హాలు!"

నింగవ్వ తట్టలోంచి తలెత్తింది.

"హాలా?" అంది నింగవ్వ. "హాలేది సారూ?"

సుంకవ్వకు నవ్వాగలేదు. దమ్ము వచ్చేదాకా నవ్వింది, దమ్ము వచ్చాక దగ్గుతూ నవ్వింది. "అక్కా, ఇన్నేండ్ల సంది పాలేసినవు, హాలు ఎన్నడన్న ఏసినవా?" అంది. యంకమ్మ నర్సును చూసి, "హాలు మీ ఇంట్ల తాగుతున్నరా నర్సమ్మా?" అని అడిగింది. శివపార్వతి కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం, ఆ పిల్ల ఒక్క చుక్క ఎరగదు.

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈ ఆరు డబ్బాల్లో మూడింట్లో మందు ఉందని, మూడింట్లో చూడ్డానికి అలాగే ఉండే ఉత్త గోలీలున్నాయని చెప్పాడు. ఏవి ఎవరికి వెళ్లాయో తనకూ తెలియదు, ఢిల్లీలో ఉన్నవాళ్లకే తెలుసు.

"ఉత్తయా?" అంది యంకమ్మ. "ఉత్త గోలీ మింగనీకి రాయచూరు దాంక జీపుల తెచ్చిన్రా? మా ఊర్ల మన్ను లేదా?"

నింగవ్వ యంకమ్మను చేత్తో ఆపింది. "సారూ, సగం మందికి మందు, సగం మందికి మన్ను. ఇదేం పాలు సారూ?"

జవాబు నర్సు చెప్పింది. "నింగవ్వా, మా నాన్న కొత్త వరి విత్తనం వేసిన ఏడు గుర్తుందా? సగం మడి కొత్తది, సగం మడి పాతది. అంతా కొత్తదే వేస్తే, పండింది విత్తనం వల్లో నీళ్ల వల్లో ఎలా తెలుస్తుంది?"

గుర్తుంది. ఆ మడి నాటింది నింగవ్వే. రెండు సగాల నడుమ గట్టు వేసింది జంబన్న.

"మీ నాయన పాత విత్తనం దిక్కు గూడ నీళ్లిడిసిండు," అంది.

"మేమూ విడుస్తున్నాం," అన్నాడు డాక్టరు. "తిండి అందరికీ ఒకటే. నీరు లాగడం అందరికీ ఒకటే."

"ఆ మందు పని చేస్తదా?"

"తెలియదమ్మా."

"మీకే తెల్వదా?"

"తెలిస్తే ఈ షెడ్డెందుకు? మీరిలా కలుపుకుని తింటే ఎప్పటికీ తెలియదు. రేపు ఇంకో మిల్లు నుంచి ఇంకెవరో దమ్ముతో వస్తారు. వాళ్లకూ తెలియదు." కాస్త ఆగి, "మళ్లీ మొదటినుంచి పెడదాం. ఇంకోసారి కలిస్తే మాత్రం పైవాళ్లు షెడ్డు మూసేయమంటారు. నా చేతిలో ఉండదు," అన్నాడు.

నింగవ్వ సుంకవ్వ వైపు చూసింది. ముందురోజే నీరు లాగారు. సుంకవ్వ ఇంకా నవ్వుతూ కూర్చుంది, గోడ ఆసరా లేకుండా. షెడ్డు మూస్తే ఆ సూది లేదు. ఊళ్లో ఆ నీరు లాగేవాళ్లు లేరు.

"సరే. ఇయ్యాల్టి సంది ఎవరి డబ్బా వాళ్లదే. నా మాట," అంది. తట్ట బోర్లించి మంచం కిందికి తోసేసింది. మిగతావాళ్లను ఎవరూ అడగలేదు. నింగవ్వ మాట ఇచ్చిందంటే గుంపు ఇచ్చినట్టే.

కొత్త డబ్బాలు వచ్చాయి. నాలుగు రోజులు తిరగకుండానే ఎవరి సంగతి ఏమిటో షెడ్డంతా తెలిసిపోయింది. ఎవరి సీసా రంగు వాళ్లు చూసుకోకూడదని డాక్టరు చెప్పాడు గానీ, కళ్లు మూసుకుని సీసా పట్టడం ఎవరివల్ల అవుతుంది? యంకమ్మది మామూలు రంగు. ఆమె ఢిల్లీని ఏడు తరాల దాకా తిట్టింది. సుంకవ్వది మామూలు రంగు. నింగవ్వది ఎర్రగా, మోదుగపూలు నానేసిన నీళ్లలా ఉంది.

నింగవ్వ రోజూ తన గోలీ తాను మింగింది. మింగేటప్పుడు సుంకవ్వ మంచం వైపు వీపు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

సుంకవ్వకు నీరు ముందుకంటే తొందరగా ఊరసాగింది. సూదికీ సూదికీ నడుమ ఉండే పాత సుంకవ్వ రోజురోజుకూ తక్కువ సేపు కనపడింది. నింగవ్వకు కూడా దమ్ము ఉంది, కానీ నడుస్తోంది, పొయ్యి దగ్గర కూర్చుంటోంది. ఇది మందు వల్లనా, ఒంటి తీరు వల్లనా అని ఆమె అడగలేదు. ఎర్ర సీసా తనది, తెల్ల సీసా సుంకవ్వది. ఆమెకు అంతే కనపడింది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో అందరూ కునుకు తీస్తుంటే, నింగవ్వ సంగటి ముద్ద చేసి సుంకవ్వ దగ్గర కూర్చుంది. "నోరు తెరువు" అంది. సుంకవ్వ తెరిచింది. రెండుసార్లు నమిలి ఆగింది. వేలు పెట్టి నోట్లోంచి ఏదో తీసింది. అరచేతిలో పెట్టుకుని చూసింది. సగం కరిగిన గోలీ.

"గిదేందక్కా?"

"ఏంది? రాయి కావచ్చు."

"రాయిని నమిలి నమిలే ఈడ పండుకున్న. రాయి రుచి నాకెర్క లేదా?" సుంకవ్వ గోలీని ఆమె ముఖం ముందు పెట్టింది. "నీదే గదా?"

"నోర్మూసుకోని మింగు."

"ముప్పై ఏండ్లల ఒక ముద్ద ఎక్కువ ఏయనిదానివి. ఇయ్యాల ఏస్తవా? అది గూడ దొంగతనంగ?"

నింగవ్వ ముద్ద గిన్నెలో పెట్టేసింది. "నీకు తక్కువ పడిందే సుంకీ."

"నాకొక్కదానికే పడిందా? యంకికి పడలేదా? యంకికి ఎందుకు ఏస్తలేవు?"

యంకమ్మ పక్క మంచం మీద గురక పెడుతోంది. నింగవ్వ అటు చూసి తల దించుకుంది. ముప్పై ఏళ్ల కింద తాను అడిగిన ప్రశ్నే, ఇన్నాళ్లకు తిరిగొచ్చి తన ముందే కూర్చుంది.

"నేను మింగితే నాది ఎర్రగైతది," అంది సుంకవ్వ, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ. "నర్సమ్మ చూస్తది. షెడ్డు బందు. వీళ్లు ఏడికి పోవాలె? నువ్వు మాటిచ్చినవు."

"మాట నాది. తప్పితే పాపం నాది."

"మరి నా మాట? నా యారాలు పాలు తప్పదని ఊరూరు తిరిగి చెప్పుకున్న గద. నేను సచ్చేముందు నన్ను అబద్ధాలకోరును చేస్తవానే?"

సుంకవ్వ గోలీని చీర కొంగుతో తుడిచి నింగవ్వ అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మడిచింది. "మింగు. నా ముందల మింగు." నింగవ్వ మింగింది. సుంకవ్వ నోరు తెరిపించి మరీ చూసింది. ఆ తర్వాత సంగటి తింది. మధ్యలో, "ఉప్పు తక్కువైంది" అని వంక కూడా పెట్టింది.

జొన్న కోతలు మొదలయ్యే రోజుల్లో సుంకవ్వ పోయింది. పగటిపూట, నర్సు నీరు లాగడానికి సామాను సర్దుతుండగా. అమరప్ప బండి కట్టుకొచ్చి తీసుకుపోయాడు. డాక్టరు జీపులో పంపుతానంటే, ఆమెకు జీపు కుదుపు పడదని వద్దన్నాడు. నింగవ్వ ఊరికి పోయి, మూడోనాడు తిరిగొచ్చింది. తన డబ్బా అడిగి తీసుకుంది. అంతా అయిపోయేదాకా ఒక్క పూట కూడా తప్పించలేదు. మాట మాటే. కాకపోతే ఎవరైనా పక్కన ఉండగా గోలీ మింగడం మానేసింది.

కాలువలో నీళ్లు కట్టేసి మళ్లీ వదిలిన నెలలో డాక్టరు వచ్చాడు. మిగిలిన అయిదు మంచాల మీదా మనుషులు ఇంకా ఉన్నారు. ఈసారి కూడా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అన్ని ఊళ్ల లెక్కలూ ఢిల్లీలో కలిపి చూశారని, మందు తిన్నవాళ్లకూ ఉత్త గోలీ తిన్నవాళ్లకూ తేడా ఏమీ లేదని చెప్పాడు. మందు పనిచేయలేదు. షెడ్డు రేపటితో ఆఖరు. నీరు లాగించుకోవాల్సి వస్తే మాత్రం పెద్ద దవాఖానకు రండి, చీటీ రాసిస్తాను అన్నాడు.

యంకమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. ఎవరిని తిట్టాలో తోచక మూసేసింది. ఆమె బతుకులో అలాంటిది జరగడం అదొక్కసారే.

"ఏం తేడా లేదా సారూ?" అంది నింగవ్వ.

"లేదమ్మా."

"ఇసుమంత గూడ?"

"లేదు."

"అంటే సుంకికి పడ్డది, నాకు పడ్డది... ఒక్కటేనా?"

డాక్టరుకు ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. "ఒక్కటే" అన్నాడు.

నింగవ్వ డబ్బాలో మిగిలిన గోలీలను ఒకసారి గలగలలాడించింది. "ఇంక ఇది ఎవరికన్న ఇస్తరా?"

"ఇవ్వం. ఇవ్వకూడదని మీ వల్లనే తెలిసింది."

"మంచిది. ఇయ్యకుండ్రి." డబ్బా ఆయన చేతిలో పెట్టేసింది.

ఆ మర్నాడు, మంచాలు విప్పుతుండగా, సైకిలుకు క్యాను కట్టుకుని ఒక మనిషి వచ్చాడు. కాంట్రాక్టరు పంపాడట. షెడ్డు మూసేలోపల ఒక్కనాడైనా పోస్తే గానీ బిల్లు పాసు కాదని ఎవరో గట్టిగా చెప్పారట. క్యాను మూత తీస్తే, నిజంగానే పాలు. నురగతో, వెచ్చగా.

"హాలు వచ్చిందే!" అని యంకమ్మ కేక పెట్టింది.

గ్లాసులు తెమ్మని నింగవ్వ నర్సుకు చెప్పింది. వరసగా నేల మీద పెట్టించింది. క్యానును తొడ మీద ఆనించుకుని, ఆయాసం తీర్చుకుంటూ, అంచు నుంచి వేలెడు దిగువ దాకా ఒక్కో గ్లాసూ నింపింది. ఒకదాంట్లో కొంచెం ఎక్కువ పడితే పక్కదాంట్లోకి వంచి సరిచేసింది.

శివపార్వతి చూసి, "నింగవ్వా, అయిదుగురే కదా. ఆరు పోశావు," అంది.

"గుంపు ఇంక ఇడిపోలే," అంది నింగవ్వ.

నలుగురూ తమ గ్లాసులు తీసుకున్నారు. నింగవ్వ తనది ఎప్పటిలాగే వాళ్ల తర్వాత తీసుకుంది. తాగి, పెదాలు తుడుచుకుంది. ఆరో గ్లాసు నేల మీద అలాగే ఉంది. పైన మీగడ కట్టసాగింది. నర్సు దాన్ని క్యానులో పోసెయ్యబోతే నింగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. గ్లాసు ఎత్తుకుని, మీగడతో సహా, ఆగకుండా తాగేసింది.

"రెండు పాళ్లు తాగినవే నింగీ!" అంది యంకమ్మ.

"ఒకటి యారాలిది," అంది నింగవ్వ. "ఇన్నేండ్లల ఇయ్యాల్నే ఎక్కువ ఏస్కున్న. పో, పోయి ఊరంత చెప్పుకో."